తిరగేసి చూస్తేనే తెలిసేది: పాత యూరప్ కవచాల్లో అసలు, నకలు, అతుకు

పాత యూరప్ హెల్మెట్ చేతికి రాగానే, ఆ విద్య తెలిసినవాళ్లు చేసే మొదటి పని దాన్ని తిరగేసి లోపల చూడటం. ఈ సేకరణలోకి కొత్తగా దిగినవాళ్లు మాత్రం ముందువైపే చూస్తారు, మెరుపు చూస్తారు, ముఖానికి అడ్డంగా వచ్చే తలుపులాంటి భాగాన్ని నాలుగుసార్లు ఎత్తి దించి చూస్తారు, అక్కడికే సగం మనసు పారేసుకుంటారు. బయటివైపు ఈ నాలుగైదు వందల ఏళ్లలో ఎంతమంది చేతుల్లో పడిందో, ఎన్నిసార్లు ఇసుకతో తోమించుకుందో, ఎవరు దానికి కొత్తగా నగిషీ పెట్టారో లెక్కే లేదు. లోపలివైపు ఎవరికీ పట్టలేదు. అందుకే నిజం చాలావరకు అక్కడే మిగిలింది.

కాబసెట్ అనే రకాన్ని తీసుకుందాం. 1600కి కాస్త అటూ ఇటూగా ఉత్తర ఇటలీలో కాలిబంట్ల కోసం పెద్ద ఎత్తున చేసిన హెల్మెట్ ఇది. ఇప్పటికీ వేలంపాటల్లో తరచుగా కనిపించేదీ, కొత్తవాళ్లకు అందే ధరలో ఉండేదీ ఇదే. ఆకారం నిలబెట్టిన బాదంకాయలా ఉంటుంది. నడినెత్తిన వెనక్కి వంగిన చిన్న తొడిమ, కింద చుట్టూ సన్నటి అంచు, ఆ అంచుకు కాస్త పైన వరసగా రివెట్లు, రివెట్ల తలల కింద ఇత్తడి పూలబిళ్లలు. బరువు కిలో, కిలోన్నర. దాన్ని తిరగేసి కిటికీ వెలుతురుకు పెడితే లోపల నల్లగా, గరుగ్గా, ఒకదాని మీద ఒకటి పడిన సుత్తి దెబ్బల గుర్తులు చేప పొలుసుల్లా కనిపిస్తాయి. వేలితో రాస్తే తగులుతాయి. రివెట్ల లోపలి కొసల కింద, నల్లబడి రాయిలా గట్టిపడిన తోలు పేలిక ఒకటో రెండో ఇరుక్కుని ఉండొచ్చు. ఒకప్పుడు లోపల చుట్టూ ఒక తోలు పట్టీ ఉండేది, దానికి గుడ్డ మెత్తను కుట్టేవారు. మెత్త ఎప్పుడో పోయింది, పట్టీ పోయింది, రివెట్ కింద నలిగిన ఆ ముక్క మాత్రం ఉండిపోయింది. బయట ఇత్తడి పూలన్నీ తళతళలాడుతూ, లోపల రివెట్ కొసలన్నీ ఒకే తీరున, ఒకే రంగులో ఉంటే అవి ఈ మధ్య మార్చినవని అర్థం. అది నేరమేమీ కాదు, కానీ ఆ మాట అమ్మేవాడు చెప్పి అమ్మాలి.

లోపల ఎందుకు గరుగ్గా ఉంటుందంటే, నునుపు చేయించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి. కొట్టి ఆకారం తెచ్చేవాడు ఒకడు, ఆ తర్వాత నీటి చక్రాల మీద తిరిగే సానరాళ్లకు పట్టి మెరుగు పెట్టేవాడు ఇంకొకడు. పేద సైనికుడి టోపీ లోపలికి ఆ మెరుగు ఎవరు పెట్టిస్తారు? రాజుగారి కవచానికైనా లోపల అంత శ్రద్ధ ఉండేది కాదు. ఇక ఆ రోజుల్లో కమ్మరికి రేకు ఇప్పటిలా ఒకే మందంతో తయారుగా దొరికేది కాదు. కొలిమిలోంచి వచ్చిన ఇనుప ముద్దను పెద్ద సమ్మెటల కింద సాగగొడితే వచ్చిన పలక అది, అందులో చిట్టెం, అంటే ఖనిజంలోంచి వచ్చే మలినం, పూర్తిగా పోదు, సన్నటి చారలుగా లోహంలోనే ఉండిపోతుంది. అందుకే పాత కవచంలో అక్కడక్కడా ఉల్లిపొరలా పెచ్చు లేస్తుంది, సన్నటి నెర్రె కనిపిస్తుంది. మందం కూడా ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. దెబ్బ ఎక్కువ తగిలే చోట, అంటే రొమ్ము పలక మధ్యలో, హెల్మెట్ నుదుటి దగ్గర, మందం కావాలనే ఎక్కువ ఉంచేవారు. చంకల వైపు, చెవుల వెనక పలచగా వదిలేసి బరువు తగ్గించేవారు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక చవకగా, చిట్టెం లేకుండా, యంత్రాల్లో సాగదీసిన ఉక్కు రేకు దొరకడం మొదలైంది. ఆ రేకుతో చేసిన నకలు ఎక్కడ కొలిచినా ఇంచుమించు ఒకే మందం చూపిస్తుంది. మందం కొలిచే చిన్న పరికరం ఒకటి జేబులో పెట్టుకుని వేలానికి ముందు రోజు ప్రదర్శనకు వెళ్లేవాళ్లు వెళ్లేది ఇందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. చిట్టెం చారలు కనబడ్డాయి కదా అని పాతదని తేల్చేయకూడదు, ఎందుకంటే 19వ శతాబ్దంలో కూడా చాలాకాలం చిట్టెం ఉన్న మెత్తటి ఇనుమే వాడారు, ఆ కాలపు నకిలీలూ అదే ఇనుముతో వచ్చాయి. చిట్టెం బొత్తిగా లేకపోతే అనుమానించొచ్చు, ఉన్నంత మాత్రాన నమ్మేయలేం. ఈ రంగంలో ఏ ఒక్క పరీక్షా తీర్పు చెప్పదు; పది గుర్తులు ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నదే చూడాలి.

ఆ పది గుర్తుల్లో కొన్ని చేత్తో తడిమి తెలుసుకునేవే. అంచుల్ని బయటికో లోపలికో మడిచి, చాలాసార్లు మడతలో తీగ పెట్టి, ఆ మడత మీద ఆకురాయితో తాడు పురిలా గాట్లు పెట్టేవారు. చేత్తో పెట్టిన పురి కాబట్టి ఒక గాటుకూ ఇంకో గాటుకూ ఎడం కొద్దిగా మారుతుంది. మర సీల మీద మరలు చూడాలి, పాతవి చేత్తో కోసినవి, వంకరటింకరగా ఉంటాయి, ఫ్యాక్టరీ మరల్లా గీత గీసినట్టు ఉండవు. లోపల అతుకు దగ్గర సన్నటి పూసల గొలుసులా కరిగి గడ్డకట్టిన గీత కనిపిస్తే అది 20వ శతాబ్దపు వెల్డింగ్, ఇంక మాట్లాడాల్సిన పని లేదు. తుప్పు కూడా చాలా చెబుతుంది. శతాబ్దాల తుప్పు ముదురు గోధుమ, నలుపు రంగుల్లో ఉంటుంది, ఒక చోట లోతుగా తిని పక్కనే అసలు ముట్టకుండా వదిలేస్తుంది. యాసిడ్ పోసి తెప్పించిన తుప్పు పసుపు కలిసిన ఎర్రగా, అన్ని వైపులా ఒకే మోతాదులో, మడతల లోపల కూడా అంతే ధాటిగా ఉంటుంది.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న అపోహలు కొనేవాళ్లనూ తప్పుదోవ పట్టిస్తాయి. యుద్ధానికి వేసుకునే నిలువెత్తు కవచం మామూలుగా 20 నుంచి 25 కిలోలు. అది ఒంటి మీద అంతటా పంచుకుని ఉంటుంది, వేసుకున్నవాడు నడవగలడు, పరుగెత్తగలడు, గుర్రం ఎక్కగలడు. క్రేన్‌తో గుర్రం మీదికి ఎక్కించేవారన్నది కట్టుకథ. ఈటెలతో ఢీకొనే పోటీల కోసం ప్రత్యేకంగా చేసినవి 40 కిలోలు దాటేవి, వాటిలో హెల్మెట్ ఒక్కటే ఎనిమిది, తొమ్మిది కిలోలు ఉండొచ్చు, దాన్ని రొమ్ము పలకకే బిగించేసేవారు. కాబట్టి కాలిబంటు టోపీ అని చెప్పి మూడు కిలోల బరువు చేతిలో పెడితే ఎక్కడో లెక్క తప్పినట్టే.

ఇన్ని నకిలీలు ఎందుకు వచ్చాయన్నది అర్థం కావాలంటే 19వ శతాబ్దంలోకి వెళ్లాలి. తుపాకులు మందుగుండు పెరిగాక 17వ శతాబ్దం చివరికి కవచాలు దాదాపు మూలన పడ్డాయి. చాలావరకు తుక్కుగా కరిగించేశారు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి పవిత్ర రోమన్ చక్రవర్తి మాక్సిమిలియన్ బహుమతిగా పంపిన కవచంలో కొమ్ములు, కళ్లజోడు ఉన్న ఆ వింత హెల్మెట్ ఒక్కటే ఇప్పుడు లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌లో ఉంది, మిగతా కవచం తుక్కు కింద పోయిందనే అనుకుంటారు. ఇన్‌స్‌బ్రుక్‌లో కొన్రాడ్ జాయ్‌సెన్‌హోఫర్ లాంటి పనివాడు చేసిన వస్తువుకే ఆ గతి పడితే మామూలు సైనికుల సరుకు సంగతి చెప్పేదేముంది. అలా అంతా పోయాక, మధ్యయుగాల మీద మోజు మొదలైంది. కోటల్లాంటి ఇళ్లు కట్టుకున్న ధనవంతులు హాల్లో నిలబెట్టడానికి కవచాలు అడిగారు. అసలువి అన్ని లేవు. 1839లో స్కాట్లాండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు పాతకాలపు ఈటెల పోటీని మళ్లీ జరిపించాడు, వాన ముంచెత్తినా జనం మాత్రం వేలల్లో వచ్చారు. దానికి కవచాలు సమకూర్చింది శామ్యూల్ ప్రాట్ అనే లండన్ వ్యాపారి. అతని దుకాణం నుంచి వెళ్లిన మధ్యయుగపు ముక్కల్లో కొన్ని కొత్తగా కొట్టించినవని తర్వాత తేలింది.

మంచిపని చేసినవాళ్లూ అదే కాలంలో ఉన్నారు. లండన్ టవర్‌లో ఇంగ్లండ్ రాజుల్ని వరసగా గుర్రాల మీద నిలబెట్టిన ప్రదర్శన ఒకటి ఉండేది, అందులో 11వ శతాబ్దపు విలియం రాజుకు అతను పోయిన కొన్ని వందల ఏళ్ల తర్వాతి పలకల కవచం తొడిగి జనానికి చూపించేవారు. శామ్యూల్ రష్ మేరిక్ అనే న్యాయవాది 1820ల్లో ఆ గందరగోళాన్ని సరిదిద్దాడు, ఏ కాలంలో ఏం వేసుకున్నారో పాత సమాధుల మీది శిల్పాలతో, రాతప్రతులతో పోల్చి చెప్పాడు. అతని సొంత సేకరణలోని మేలైన ముక్కలు తర్వాత రిచర్డ్ వాలెస్ చేతికి వచ్చాయి, అవి ఇప్పుడు లండన్ వాలెస్ కలెక్షన్‌లో చూడొచ్చు. ఆ గదుల్లో ఒక పూట నిదానంగా గడిపితే నేర్చుకునేది వంద ఫొటోలు చూసినా రాదు.

19వ శతాబ్దం చివరికి నకలు చేసేవాళ్ల పనితనం చాలా పెరిగింది. మ్యూనిక్‌లో ఎర్న్‌స్ట్ ష్మిడ్ట్ వర్క్‌షాప్ మ్యూజియంలలోని కవచాలకు నకళ్లు చేసి, కేటలాగ్ వేసి, నకళ్లుగానే అమ్మింది. ఇందులో మోసం లేదు. కానీ కొన్నవాళ్లు పోయారు, బిల్లులు పోయాయి, వస్తువుకు నూరేళ్ల నిజమైన ధూళి పట్టింది, ఇప్పుడు ఆ నకలే ఏదో ఒక వారసత్వ సామానులో అసలు పేరుతో బయటికి వస్తుంది. లూయీ మార్సీ పేరుతో తిరిగిన లుయీజీ పార్మెజానీ కథ వేరు, అతను తెలిసే మోసం చేశాడు, ఆయుధాలు, మధ్యయుగపు లోహపు పనుల నకిలీలను పేరున్న మ్యూజియంలకే అంటగట్టాడు. ఇవాళ అదే దారిలో మన దేశపు సరుకు కూడా నడుస్తోంది. డెహ్రాడూన్, మీరట్‌లలో యూరప్ హెల్మెట్ల నకళ్లు చేసి, పాతకాలపు యుద్ధాలను వేషాలతో మళ్లీ ఆడి చూపించే విదేశీ బృందాలకు ఎగుమతి చేస్తారు. అది నికార్సైన వ్యాపారం, మంచి పనితనం కూడా. అయితే దారిలో ఎవరో ఆ హెల్మెట్‌ను ఆరు నెలలు మట్టిలో పూడ్చి, సొట్టలు పెట్టి, నాలుగు వందల ఏళ్లదని చెప్పి అమ్ముతున్నారు. ఇలాంటివాటికి పైన పటారం లోన లొటారం అన్న మాట అక్షరాలా సరిపోతుంది, తిరగేస్తే లోపల రేకు నున్నగా, వెల్డింగ్ గీతతో దొరికిపోతాయి.

ఇదంతా ఒక ఎత్తు, అతుకుల సమస్య ఇంకో ఎత్తు. నిజానికి సేకరణలో డబ్బు ఎక్కువ పోయేది పచ్చి నకిలీల వల్ల కంటే దీనివల్లే అనిపిస్తుంది. గోడవారగా నిలబడిన నిలువెత్తు కవచం చూడగానే ఇది ఒకే మనిషి వేసుకున్నదని మనసు నమ్మేస్తుంది. చాలాసార్లు అందులో హెల్మెట్ జర్మనీది, రొమ్ము పలక ఇటలీది, కాళ్లు 19వ శతాబ్దానివి, ఒక చేతి తొడుగు అసలు, రెండోది దానికి జతగా తర్వాత కొట్టించినది. అన్నీ ఒకే మెరుగు పెట్టి నిలబెడితే అతుకు కనబడదు. ఒకే చేతి పని అని తేల్చుకోవడానికి పనివాళ్లు వదిలిన చిన్న గుర్తులు సాయపడతాయి. ఒకే రకం కవచాలు పదులకొద్దీ చేసేటప్పుడు ముక్కలు కలిసిపోకుండా లోపలి అంచున ఆకురాయితో ఒకటి, రెండు, మూడు గాట్లు పెట్టేవారు. భుజం ముక్కకు మూడు గాట్లు ఉండి, మోచేతి ముక్కకు ఐదు ఉంటే ఆ రెండూ మొదట ఒకే సెట్టులోవి కావన్నమాట. రివెట్ చిల్లులు కూడా చెబుతాయి. ఒక పలకకు పక్కపక్కనే రెండు చిల్లులు ఉండి ఒకటి ఖాళీగా మిగిలిందంటే, ఎవరో దాన్ని వేరే దానికి బిగించడానికి కొత్త చిల్లు పొడిచారని.

అయితే అన్ని అతుకులూ ఒకటి కావు, ఈ తేడా గట్టిగా చెప్పుకోవాల్సిందే. వాడకంలో ఉన్న రోజుల్లోనే పడిన అతుకు ఆ వస్తువు జీవితంలో భాగం. మన దక్కన్‌లోనే చూడండి, యూరప్ నుంచి వచ్చిన కత్తి అలుగులకు ఇక్కడి పిడులు వేసుకుని వాటిని ఫిరంగి (ఇక్కడ తోపు కాదు, పరదేశి కత్తి అని) అని పిలిచారు. దాన్ని ఎవరూ నకిలీ అనరు, అది ఆ చరిత్రే. యూరప్‌లో కూడా ఆయుధశాలల్లో తాత రొమ్ము పలకకు మనవడి కాలపు భుజాలు బిగించి వాడారు. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరపు ఆయుధశాలలో 32,000 దాకా వస్తువులు ఉన్నాయి, ఒట్టోమన్ టర్కుల దాడుల్ని ఎదుర్కోవడానికి పోగేసిన సరుకు అది. 1749లో ఆస్ట్రియా ఏలిక మారియా తెరీసా ఆ ఆయుధశాలను ఎత్తేద్దామంటే స్టిరియా ప్రాంత ప్రముఖులు, మా పూర్వీకుల పోరాటానికి గుర్తుగా వదిలేయమని అడిగి కాపాడుకున్నారు. అందుకే మామూలు సైనికుడి సరుకు అసలు ఎలా ఉండేదో, ఎలా అతికి వాడేవారో తెలుసుకోవడానికి ఈరోజు అంత మంచి చోటు ఇంకొకటి లేదు. వ్యాపారి దుకాణంలో పడిన అతుకు వేరే జాతి. ఈ రెండింటి మధ్యలో పండితుల అతుకు కూడా ఉంది. గ్రీస్‌లోని ఖాల్కిస్ కోటలో 1840లో దొరికిన 14, 15 శతాబ్దాల కవచాల ముక్కలు కొన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి వచ్చాయి. అక్కడి ఆయుధ విభాగాన్ని మొదలుపెట్టిన బాష్‌ఫర్డ్ డీన్, ఈయన అసలు చేపల మీద పరిశోధించిన జీవశాస్త్రవేత్త, ఆ ముక్కల్ని కలిపి, లేనివి చేయించి, నిలువెత్తు కవచాలుగా నిలబెట్టాడు. చూడటానికి గొప్పగా ఉంటాయి, అవి ఏ ఒక్క వీరుడూ అలా వేసుకున్నవి కావు. మ్యూజియం ఆ సంగతి దాచదు, అతుకని చెప్పే చూపిస్తుంది. సేకరించేవాళ్లు అమ్మకందారుల దగ్గర కోరాల్సింది కూడా అదే.

తోముడు వల్ల జరిగిన నష్టం నకిలీల కంటే బాధ పెడుతుంది, ఎందుకంటే అది అసలు వస్తువుకే జరిగింది. కవచం అంటే వెండిలా తెల్లగా మెరవాలన్న ఊహ చాలావరకు 19వ శతాబ్దం ఇచ్చినదే. ఎన్నో కవచాలు మొదట్లో నల్లగా, నీలంగా, ఎర్రగోధుమ రంగులో ఉండేవి. కొన్నింటికి రంగు వేసేవారు, కొన్నింటికి కొలిమి నలుపునే వదిలేసి మధ్యలో పట్టీలు మాత్రం మెరుగు పెట్టేవారు, కొన్నింటి మీద బట్ట అంటించేవారు. పనివాళ్లతో ఇసుక, ఇటుక పొడి పెట్టి తోమించేసరికి ఆ రంగులన్నీ పోయాయి, వాటితోపాటు కొన్నిచోట్ల పనివాడి ముద్ర కూడా అరిగిపోయింది. రివెట్ తల కింద, కీలు మడతలో, ముక్క మీద ముక్క కప్పుకున్న చోట, వేలు దూరని సందుల్లో మాత్రం ఆ నీలం ఇంకా కనబడుతుంది. మంచి టార్చి వేసి ఆ నీలం చారను వెతకడంలో ఉన్న ఆనందం ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఇటలీలో మాంటువా దగ్గర గ్రాజియే అనే ఊరి చర్చి. అక్కడ మొక్కుబడి బొమ్మలకు తొడిగిన కవచాలను, మీద పట్టిన రంగుల పొరల వల్ల, కాగితపు గుజ్జుతో చేసిన ఉత్తుత్తి కవచాలనే అనుకుంటూ వచ్చారు. 20వ శతాబ్దం తొలి భాగంలో జేమ్స్ మాన్ అనే ఇంగ్లిష్ పండితుడు వాటిని పరీక్షించి, అవి నిజమైన ఉక్కు కవచాలని, అందులో 15వ శతాబ్దపు ఇటలీ పని ఉందని గుర్తుపట్టాడు. ఆ కాలపు ఇటలీ కవచాలు లోకంలో ఎన్నో లేవు. ఎవరి కంటికీ విలువైనవిగా కనబడకపోవడం వల్లే బతికిపోయాయి.

నగిషీ విషయంలో కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. యాసిడ్‌తో పువ్వులు, లతలు, బొమ్మలు తినిపించే పని 16వ శతాబ్దంలో గొప్పగా సాగింది, కాబట్టి నగిషీ ఉన్నదానికి ధర ఎక్కువ. ఆ ధర కోసమే సాదా హెల్మెట్ల మీద తర్వాతి కాలంలో కొత్త నగిషీ పెట్టారు. భూతద్దం పెడితే దొరుకుతుంది. హెల్మెట్ ముక్కు మీద, ఎత్తైన గట్టు మీద చేతులు తగిలి ముందు అరగాలి, పల్లాల్లో నగిషీ స్పష్టంగా మిగలాలి. అలా కాకుండా తుప్పు తిన్న గుంట లోపలికి కూడా లత దిగి పోయిందంటే, తుప్పు ముందు వచ్చింది, లత తర్వాత వచ్చింది. ఊరి ముద్రల మీద పూర్తిగా ఆధారపడటం కూడా ప్రమాదమే. న్యూరెంబర్గ్‌కు చుక్కల వలయంలో ఎన్ అక్షరం, ఆగ్స్‌బర్గ్‌కు పైన్ కాయ, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, చదివినవాడు ఎవడైనా ముద్ర చేయించుకోగలడు.

మరి ఏం కొనాలి, ఎంతలో కొనాలి? సాదా కాబసెట్ కొన్ని వందల పౌండ్ల నుంచి ఒకటి రెండు వేల పౌండ్ల దాకా ఉంటుంది. నెత్తిన ఎత్తైన గట్టు ఉన్న మోరియన్లు, ఇంగ్లండ్ అంతర్యుద్ధ కాలపు గుర్రపు సైనికుల హెల్మెట్లు, అంటే ముఖానికి మూడు కమ్మీలు, మెడ మీదికి రొయ్య తోకలా దిగే పలకలు ఉన్నవి, ఆ పైన వస్తాయి. మ్యూనిక్ నగర కాపలాదారుల మోరియన్లు, పక్కన ఉబ్బెత్తు లిల్లీ పువ్వుతో ఉంటాయి, చాలా పేరున్నవి, అందుకే వాటి నకళ్లూ ఎక్కువ. సాక్సనీ ప్రభువు అంగరక్షకుల కోసం న్యూరెంబర్గ్‌లో చేసిన నగిషీ, బంగారు పూత మోరియన్లు ఇంకా పై మెట్టు; రివెట్ల దగ్గర ఇత్తడి సింహం ముఖాలతో ఉండే వాటిని చూసినవాళ్లు మర్చిపోరు. ఒకే మనిషి కోసం చేసిన పూర్తి కవచాలు ఏ ఏడాదికో ఒకటి వస్తాయి, ధర మామూలు మనిషి ఊహించేది కాదు. ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ కోసం మిలాన్‌లో జొవాన్ని నెగ్రోలి చేసిన కవచం 1983 మేలో లండన్ సోథెబీస్ వేలంలో 19,25,000 పౌండ్లు పలికింది. ఆశపడి పూర్తి సెట్టు కోసం పరుగెత్తి అతుకుల బొంత కొనడం కంటే, అదే డబ్బుతో ముట్టని, తోమని, లోపల నల్లగా ఉన్న ఒక్క హెల్మెట్ కొనుక్కోవడం మేలు. అది రోజూ ఏదో ఒకటి నేర్పుతుంది.

వస్తువు అసలుదైనా అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియకపోతే చిక్కే. 1983 మే 31న పారిస్ లూవ్ర్ మ్యూజియం నుంచి 16వ శతాబ్దపు మిలాన్ హెల్మెట్, ఛాతీ కవచం పోయాయి, బంగారు పనితనం ఉన్నవి, రోత్‌షిల్డ్ కుటుంబం దానం చేసినవి. దాదాపు 38 ఏళ్లు ఎవరికీ ఆచూకీ లేదు. 2021 జనవరిలో బోర్డోలో ఒక కుటుంబ ఆస్తికి విలువ కట్టడానికి పిలిచిన నిపుణుడికి అవి చూడగానే అనుమానం వచ్చింది, పోలీసులకు చెప్పాడు, లూవ్ర్ సొత్తని తేలింది. ఫిలడెల్ఫియా మ్యూజియంలో దశాబ్దాలు ఉన్న ఒక ఇటలీ ఊరేగింపు డాలు, ఆస్ట్రియా ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కు చెందిన కొనోపిష్టె కోటలోనిదని, నాజీలు ఎత్తుకెళ్లినదని రుజువై 2021లో చెక్ రిపబ్లిక్‌కు తిరిగి వెళ్లింది. అంత పెద్ద సంస్థకే ఇలా జరిగినప్పుడు, అమ్మేవాడు చెప్పే ‘పాత యూరోపియన్ కుటుంబం నుంచి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకూడదు. పాత వేలం కేటలాగ్‌లో ఫొటో, దానితో అదే సొట్ట అదే చోట కలవడం, పాత సేకర్త అతికించిన నంబరు చీటీ, ఇవి ఆధారాలు. వస్తువు మీద ఉన్న పాత చీటీని పీకి శుభ్రం చేసేవాళ్లు దాని జాతకాన్నే చించేస్తున్నారు.

నేలలోంచి వచ్చినవాటి సంగతి ఇంకా సున్నితం. 2010 మేలో ఇంగ్లండ్ కంబ్రియాలో క్రాస్బీ గారెట్ ఊరి దగ్గర మెటల్ డిటెక్టర్‌తో వెతికే ఒకరికి రోమన్ అశ్వికుడి హెల్మెట్ దొరికింది, మనిషి ముఖం ఉన్న ముసుగుతో సహా, 60కి పైగా ముక్కలుగా. అప్పటి అక్కడి నిధుల చట్టం లెక్కలో ఒంటరిగా దొరికిన రాగి మిశ్రమపు వస్తువు నిధి కిందికి వచ్చేది కాదు. శాస్త్రీయంగా పూర్తి పరిశీలన జరగకముందే ముక్కలు అతికి, అక్టోబరు 7న క్రిస్టీస్‌లో వేలం వేశారు. 2 నుంచి 3 లక్షల పౌండ్లు రావొచ్చన్నది ఫీజులతో కలిపి 22 లక్షల పౌండ్లు దాటింది. కార్లైల్‌లోని టల్లీ హౌస్ మ్యూజియం చందాలు పోగేసి 17 లక్షల దాకా పాడింది, అందుకోలేకపోయింది. ముక్కలుగా ఉన్నప్పుడు వాటి మీది మట్టి, మడతలు, దాన్ని ఎలా పూడ్చారో చెప్పగలిగేవి. అతికి నునుపు చేశాక ఆ సమాచారంలో చాలా భాగం పోయింది. ఇది నిజంగా బాధాకరమైన విషయం. 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లో చట్టాన్ని మార్చి, 200 ఏళ్లు దాటి అసాధారణ ప్రాముఖ్యం ఉన్న లోహపు వస్తువుల్ని కూడా నిధి పరిధిలోకి తెచ్చారు.

కొన్నాక ఇంట్లో చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, చేయకూడనివే ఎక్కువ. ఒట్టి చేతులతో పట్టుకోకూడదు, చెమటలో ఉప్పు వారం రోజుల్లో వేలిముద్ర ఆకారంలో తుప్పు లేపుతుంది. గాలిలో తేమ 50 శాతం దాటకుండా చూసుకోవాలి. మన కోస్తా లాంటి చోట అయితే గాజు పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి, రెండు మూడు నెలలకోసారి మార్చక తప్పదు. బ్రిటిష్ మ్యూజియంలో తయారైన రినైసాన్స్ వాక్స్ అనే సన్నటి మైనం పలచగా రాసి మెత్తటి నూలుబట్టతో తుడిస్తే చాలు. గరుకు కాగితం, తుప్పు తీసే ద్రావకాలు దగ్గరికి రానీయకూడదు. లోపలివైపు నల్లటి పొర మురికిలా కనిపిస్తుంది, గీకేయాలని చెయ్యి లాగుతుంది, గీకొద్దు. రివెట్ కింద ఇరుక్కున్న ఆ తోలు పేలిక వేలెడంత కూడా లేకపోవచ్చు, దాన్ని లాగొద్దు, నూనె పెట్టొద్దు, చిన్న కుంచెతో చుట్టూ దుమ్ము మాత్రం దులిపి, హెల్మెట్‌ను మళ్లీ బోర్లించి పెట్టేయండి.